బీటువారిన వేసవి

అందరూ ప్రభుత్వానికి పన్ను కడతారు. నేను జనానికి పన్ను కడతాను. ఒక్క పన్నయినా కడతాను, పై వరసా కింది వరసా కలిపి మొత్తం నోరయినా కడతాను. ఈ మాట ఇరవై ఆరేళ్ళుగా అంటున్నాను. మొదట్లో నవ్వినవాళ్ళు మానేశారు. మిగిలినవాళ్ళకి నవ్వడానికి పళ్ళు లేవు. అయినా నేను అనడం మానను. ఉన్న ఒక్క నోరూ ఊరుకోదు కదా.

మా పని రోత పని, ముందే చెబుతున్నాను. డాక్టరుగారి క్లినిక్ వెనక పొడుగాటి గది. అరలనిండా తెల్లటి ప్లాస్టరు చిగుళ్ళు, ఎవరివో తెలియని నోళ్ళు మనల్ని చూసి ఇకిలిస్తున్నట్టు. డాక్టరుగారు రోగి నోట్లో ముద్ద పెట్టి తీసిన అచ్చు మా ట్రేలోకి తడితడిగా వస్తుంది, ఒక్కోసారి ఆ రోగి పొద్దున తిన్న తిండితో సహా. దాన్ని కడిగి, ప్లాస్టరు పోసి, మైనంలో పళ్ళు గుచ్చి, మైనం కరిగించి, ఆ ఖాళీలో గులాబీరంగు ప్లాస్టిక్ ముద్ద కుక్కి, ఉడకబెట్టి, చివరికి తిరిగే చక్రం మీద అరగదీస్తాం. కోపమొస్తే ఎవరైనా పళ్ళు నూరతారు. నేను కోపం లేకుండా, జీతం తీసుకుని మరీ నూరతాను.

ఆ అరగదీయడంలోనే ఉంది విద్యంతా. అంగిలికి అంటుకునే రేకు మందంగా ఉంటే నోట్లో చెప్పు పెట్టుకున్నట్టుంటుంది. మరీ పల్చనైతే విరుగుతుంది. ఎక్కడ ఆపాలో కొలిచి చూసే పటకారు ఒకటుంది. నేను వాడను. నా కొలత చెవి. రేకు మందంగా ఉన్నంతసేపు చక్రం గురకపెడుతుంది. పల్చబడేకొద్దీ మూలుగుతుంది. ఇక చాలనగానే సన్నగా ఈల వేస్తుంది. ఈల వినపడగానే చెయ్యి తీసేయాలి. అంతే.

ఆ గదిలో నా పక్కన మా బామ్మర్ది కూర్చునేవాడు. మా ఆవిడకి ఒక్కడే తమ్ముడు. ముప్ఫై రెండేళ్ళవాడు. నోట్లో పళ్ళెన్నో వయసూ అన్నేళ్ళే, ఆ నోట్లోంచి మాట మాత్రం రాదు. అందుకని సైలెన్సర్ అని పేరు పెట్టాను. ఎడమచేతివాటం కావడంతో వాడి మోచెయ్యీ నా మోచెయ్యీ రోజుకి పదిసార్లు గుద్దుకునేవి. మా ఇంట్లోనే ముందుగదిలో ఉండేవాడు. పని నేర్పింది నేను, డాక్టరుగారికి చెప్పి పెట్టించింది నేను. ఆ సంగతి వారానికోసారి ఏదో జోకులో కలిపి వాడికి గుర్తుచేస్తూ ఉండేవాణ్ణి. జోకులో కలిపితే చేదు తెలియదని నా నమ్మకం. ఎవరికి తెలియదో మాత్రం ఆలోచించలేదు.

ఆ ఎండాకాలం మొదట్లో వాడు చెవులకి రెండు నల్లటి సాసర్లు తగిలించుకుని పనికొచ్చాడు. హెడ్‌ఫోన్లు. నేను ఒకటి లాగి అడిగాను.

"ఏం వింటున్నావురా?"

"పాడ్‌కాస్ట్ బావా."

"కాస్త పాడతారన్నమాట. ఎవరు పాడుతున్నారు?"

"పాడరు. మాట్లాడతారు."

"మాటలు వినడానికి చెవులకి తలుపులెందుకురా? పక్కన నేను మాట్లాడుతూనే ఉన్నానుగా."

"అందుకే బావా," అన్నాడు.

ఏడాదికొక జోకు వేస్తాడు. అదీ నామీదే.

సరే వినిపించమన్నాను. ఎవడో దగ్గుతూ దగ్గుతూ గొడుగుల గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. ఏ కంపెనీ అమ్మకానికి మాట్లాడుతున్నాడంటే ఏ కంపెనీవాడూ కాదట. గొడుగులంటే ఇష్టమట, సొంతంగా ఇంట్లో కూర్చుని చేసుకుంటాడట. తరవాత సంగీతమన్నాడు. డ్రైనేజీ పైపులో ఎవరో ఖాళీ బిందె దొర్లిస్తున్నట్టుంది. వాంతికి ముందు కడుపులో తిరిగే మోతలా ఉంది. పది నిమిషాలు ఓపిక పట్టాను.

"పాడేవాడు ఇంకా రాలేదేమిటి?"

"రాడు బావా. ఎలక్ట్రానిక్ మిక్స్ ఇది. రెండు గంటలు."

"మిక్స్ అంటే నాకు తెలిసింది పొడీ నీళ్ళూ. మూడు నిమిషాల్లో గట్టిపడాలి. ఇది రెండు గంటలైనా గట్టిపడదా?"

వాడు హెడ్‌ఫోన్లు వెనక్కి తీసుకుని తుడుచుకున్నాడు. తుడుస్తూ, నా ముఖం చూడకుండా చెప్పాడు. "నేనూ ఒకటి చేస్తున్నా బావా. చిన్నది."

"నువ్వా? నువ్వు మాట్లాడతావా?"

"కొంచెమే. వారానికో పనిచోటుకి వెళ్ళి అక్కడి శబ్దాలు రికార్డు చేసుకొస్తా. కుట్టుమిషన్లు, లిఫ్టు మోటారు, అలాంటివి. వాటి గురించి నాలుగు మాటలు చెప్పి, చివర్లో ఆ శబ్దాలతోనే మిక్స్ కడతా."

"ఎంతమంది వింటారు?"

"ముప్ఫై ఏడుమంది."

"నా గురకకే అంతకన్నా ఎక్కువమంది ఉన్నారురా. పై వాటా, కింది వాటా, ఎదురింటివాళ్ళు. అందరూ రోజూ వినేవాళ్ళే."

ఈ జోకు నాకు ఎంత నచ్చిందంటే డాక్టరుగారికి చెప్పాను, టీ తెచ్చేవాడికి చెప్పాను, కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న రోగులకి కూడా చెప్పాను. వాళ్ళు కాదనలేరు కదా. చెప్పిన ప్రతిసారీ బామ్మర్ది చిన్నగా నవ్వేవాడు. ఆ నవ్వు ఎలాంటిదో ఇప్పుడు తెలుసు.

ఒక మధ్యాహ్నం వాడు ప్లాస్టరు బస్తా తేవడానికి వెళ్ళాడు. హెడ్‌ఫోన్లు బల్లమీద ఉన్నాయి, లోపల ఇంకా ఎవరో గొణుగుతున్నారు. ఎవరూ చూడట్లేదని తగిలించుకున్నాను. ఎవరో ఆడమనిషి. ప్రతిధ్వని రాకుండా బట్టల బీరువాలో కూర్చుని రికార్డు చేస్తున్నానని చెప్పింది. పక్కింటి లిఫ్టు మెకానిక్‌ని ఏదో అడిగి ఆగింది. అతను మాట్లాడలేదు. ఆమె కూడా మాట్లాడలేదు. చాలాసేపటికి అతను తన కూతురి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నేనైతే ఎదుటివాడు రెండో వాక్యం ఎత్తుకునేలోపే మొదటిదాని మీద చమత్కారం విసిరేస్తాను. ఈ బీరువా మనిషికి ఆగడం ఎవరు నేర్పారో.

మర్నాడు ఇంకోటి విన్నాను. మూడోరోజుకి ఆ బిందె దొర్లుడు కూడా మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి నా ఫోన్లో నలభై మిక్సులు, పాతిక పాడ్‌కాస్టులు. చెవి కోసుకునేవాళ్ళ గురించి విన్నాను, నేను ఏకంగా రెండు చెవులూ అద్దెకిచ్చేశాను. హెడ్‌ఫోన్లు మొదట అడిగి తీసుకున్నాను, తరవాత అడక్కుండా తీసుకున్నాను, ఆ తరవాత వాడే పొద్దున రాగానే నా బల్లమీద పెట్టేవాడు.

"ఇన్నాళ్ళకి మీ నోరు మూతపడింది," అంది మా ఆవిడ, నేను వాటితోనే భోజనానికి కూర్చుంటే. "ముందే తెలిస్తే పెళ్ళిచూపుల్లోనే మీ చెవులు మూసేదాన్ని."

బామ్మర్ది మాత్రం ఒక్కసారి చెప్పాడు.

"బావా, చక్రం దగ్గర వద్దు. అచ్చులు కడిగేటప్పుడూ ప్లాస్టరు పోసేటప్పుడూ విను. నేనూ అప్పుడే వింటా."

"ఇరవై ఆరేళ్ళ చెవిరా ఇది. పక్కన బాంబు పడినా చక్రం ఈల వినపడుతుంది."

హెడ్‌ఫోన్లు చెవిన పెట్టాను. వాడి మాట పెట్టలేదు.

అప్పుడే టీచరమ్మగారి పై వరస పళ్ళసెట్టు నా చేతికొచ్చింది. డెబ్బై దాటిన మనిషి, రిటైరై చాలాకాలమైంది. ప్రతి శనివారం లైబ్రరీలో పిల్లలకి కథలు చదివి వినిపిస్తుంది. కొలతలివ్వడానికి వచ్చినరోజు మా గదిదాకా వచ్చి చెప్పింది. "బాబూ, నాకు అందం అక్కర్లేదు. స, శ, ష మూడూ మూడులా పలకాలి. పిల్లలు విని నేర్చుకుంటారు." అలా పలకాలంటే రేకు బాగా పల్చగా, ఈల మొదలయ్యాక వెంట్రుకవాసిలో ఆపాలి. ఆ పని ఈ ఊళ్ళో నేను తప్ప ఎవరూ చెయ్యలేరని ఆమెతో అన్నాను. అది జోకు కాదు. నిజంగానే అన్నాను.

అరగదీసే రోజున నా చెవుల్లో ఒక రెండు గంటల మిక్స్ నడుస్తోంది. సరిగ్గా గంటా పది నిమిషాల దగ్గర, అంతసేపూ దాచిపెట్టిన బీటు ఒక్కసారిగా కిందికి దిగింది. నా మడమ నేలమీద దరువు వేస్తోంది. చెయ్యి చక్రం మీద ఉంది. వేలితో తడిమితే రేకు పట్టులా ఉంది. దీపానికి ఎదురుగా పట్టుకుని చూడాలి, చూడలేదు. మెరుగుపెట్టి ట్రేలో పడేశాను. ఈల వేసే ఉంటుంది, పాపం. నేను వినలేదు.

సెట్టు ఇచ్చిన తొమ్మిదోరోజున టీచరమ్మగారు మా గదిలోకి వచ్చింది. అంతకు కాస్త ముందే టీ వచ్చింది. బల్లనిండా మెరుగుపొడి పరుచుకుని ఉండడంతో నేను హెడ్‌ఫోన్లు తీసి, పెట్టే చోటులేక, తమాషాకి బామ్మర్ది మెడలో వేశాను, సన్మానం చేసినట్టు. వాడు నవ్వాడు. నేను గ్లాసు అందుకున్నాను. తలుపు తెరుచుకుంది.

టీచరమ్మగారు చేతిరుమాలు విప్పింది. అందులో సెట్టు రెండు ముక్కలు. సరిగ్గా అంగిలి నడిమధ్యలో బీటువారి విరిగింది. ఒక ముక్క అంచున నల్లగా ఎండిన రక్తం, లాలాజలం దారంలా సాగి రుమాలుకి అతుక్కుంది. రోజూ ఇతరుల ఉమ్మిలో చేతులు పెట్టేవాణ్ణి, ఆ రోజు ఆ రుమాలు అందుకోలేదు.

"పిల్లలకి చదువుతున్నాను బాబూ. మధ్యలో పటుక్కుమంది," అంది. నాలుక తెగింది, పెదవి వాచింది. ఆమె చెప్పిన ఆ నాలుగు మాటల్లో స లేదు, శ లేదు, ష లేదు, ఉత్త గాలి ఉంది. "ఒక పాప భయపడి ఏడ్చింది."

ఆమె వెనకే డాక్టరుగారు.

"ఎవరు చేశారు ఇది?"

గదిలో ఉన్నది ఇద్దరం. ఆయన ముందు ముక్కలు చూశారు, తరవాత మమ్మల్ని చూశారు. నేను నోరు తెరిచాను. నిజం చెబుదామనే తెరిచానని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. వచ్చింది మాత్రం ఇది.

"బీట్లు వినేవాడి చేతిలో బీటువారక ఏమవుతుంది డాక్టరుగారూ."

ఆయన చూపు నా నోటి మీంచి వాడి మెడ మీదికి వెళ్ళి అక్కడ ఆగింది. నేను ఎవరి పేరూ చెప్పలేదు. ఎవరివైపూ వేలు చూపించలేదు. అంత నున్నగా మెరుగుపెట్టాను అబద్ధాన్ని.

బామ్మర్ది నావైపు చూశాడు. నేను వాక్యం పూర్తిచేస్తానని ఎదురుచూస్తున్నట్టు, ఆ బీరువా మనిషి ఆగినట్టు ఆగాడు. నేను టీ ఒక గుక్క తాగాను.

"క్షమించండి టీచరమ్మగారూ," అన్నాడు వాడు.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నారు డాక్టరుగారు.

వాడు పనిబట్ట విప్పి, మడతపెట్టి కుర్చీమీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను మిగిలిన టీ కూడా తాగాను. చల్లారింది. అయినా పారబొయ్యలేదు.

మర్నాడు పొద్దున వాడు సంచీ సర్దుకుంటుంటే మా ఆవిడ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పని పోతే పోయింది. ఇల్లెందుకు పోవాలిరా?"

"గోడౌన్లో ప్యాకింగ్ పని దొరికిందక్కా. గది కూడా అక్కడే ఇస్తారు."

"నువ్వు అంత పల్చగా అరగదీసేవాడివి కావు. నాకు తెలుసు. ఏం జరిగిందో చెప్పు."

వాడు సంచీ జిప్పు లాగాడు. "వస్తా బావా," అన్నాడు నాతో.

"సైలెన్సర్ ఊడిపోతే ఇంట్లో మోత పెరుగుతుందిరా," అన్నాను.

వాడు మెట్లు దిగుతున్న చప్పుడు తప్ప మోతేమీ లేదు.

ఆ సాయంత్రం మా ఆవిడ బట్టలు ఇస్త్రీ చేస్తూ, తల ఎత్తకుండా అడిగింది. "ఆ సెట్టు మీరు చేశారా, వాడు చేశాడా?"

"ఇద్దరం పక్కపక్కనే కూర్చుంటాం. ఎవరి పన్ను ఎవరి ఖాతాలో..."

"జోకు అడగలేదండీ."

నేను పేపరు తిరగేశాను. ఆమె నా చొక్కా పక్కనపెట్టి వాడు వదిలేసి వెళ్ళిన చొక్కా అందుకుంది, కాలర్ దగ్గర్నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా ఇస్త్రీ చేసింది. మళ్ళీ అడగలేదు. మా ఆవిడ అడగడం మానేసిందంటే జవాబు దొరికిందనే అర్థం.

ఆ తరవాత ప్రతి ఆదివారం పొద్దున ఆమె ఫోనుని వంటింటి గట్టుమీద డబ్బాకి ఆనించి నిలబెట్టి తమ్ముడి పాడ్‌కాస్ట్ పెట్టేది. నాకు అన్నం పెట్టే వేళకే పెట్టేది. మొదటివారం ప్యాకింగ్ టేపు చిరిగే శబ్దం. రెండోవారం తూకం మిషన్. ప్రతిసారీ నేను ముద్ద చేతిలో పట్టుకుని ఎదురుచూసేవాణ్ణి, ఇప్పుడు చెబుతాడు, ఈ వాక్యం తరవాత చెబుతాడు, అని. చెబితే బాగుండేది. తిట్టేవాణ్ణి, కోప్పడేవాణ్ణి, ఇంట్లో తిని ఇంటి వాసాలు లెక్కపెడతాడా అనేవాణ్ణి. చెప్పలేదు.

మూడోవారం పెట్టగానే గురక వినపడింది. నా చక్రం.

"ఇది వేసవికి ముందు రికార్డు చేసింది," అంది వాడి గొంతు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ గొంతు ఇంత నిదానంగా ఉంటుందని నాకు తెలియదు. "పళ్ళసెట్టు అరగదీసే చక్రం. ఇక్కడ రేకు మందంగా ఉంది, వినండి. ఇప్పుడు పల్చబడుతోంది. ఈ పని చేస్తున్నది మా బావ. నాకు పని నేర్పింది ఆయనే. చెవితో కొలిచేవాళ్ళలో ఆయనంతటివాణ్ణి నేను చూడలేదు. ఇప్పుడు ఈల వస్తుంది. చూడండి, వచ్చీ రాగానే చెయ్యి తీసేస్తాడు."

ఈల వచ్చింది. చెయ్యి తీశాను. ఆ నిశ్శబ్దం కూడా రికార్డయింది.

తరవాత ఆ ఈలనే ముక్కలు చేసి, వరసకట్టి మిక్స్ చేశాడు. ఎనిమిది నిమిషాలు. నేను ఆ రోజు కనీసం ఇరవై జోకులు వేసి ఉంటాను, ఒక్కటీ ఉంచలేదు. నా నోరు తీసేసి చెవిని ఉంచాడు. చివర్లో ఎప్పటిలాగే అన్నాడు. "మీ పనిచోట మీరు విన్నది, చెప్పాలనుకున్నది ఏదైనా ఉంటే పంపండి. వినిపిస్తాను."

మా ఆవిడ నా ముఖం చూడలేదు. గట్టు తుడుస్తోంది. నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. సబ్బుతో రెండుసార్లు కడిగినా ఎవరి నోటి కంపో వేళ్ళకి అంటుకునే ఉంది. వాసన చూశాను. నాదే.

మర్నాడు క్లినిక్‌లో కుర్చీలో ఒకాయన నోటినిండా దూదితో పడుకుని ఉన్నాడు. ఆయన ముందే చెప్పేశాను.

"డాక్టరుగారూ, టీచరమ్మగారి సెట్టు అరగదీసింది నేను. వాడు కాదు."

డాక్టరుగారు అద్దం కర్ర ఆ నోట్లోంచి తియ్యలేదు. "తెలుసయ్యా. ఎడమచేతివాడు అరగదీస్తే గీతలు అటు వాలతాయి. అవి ఇటు వాలాయి."

"మరి వాణ్ణెందుకు..."

"ఎండాకాలం పేషెంట్లు తగ్గారు. ఇద్దర్లో ఒకరు చాలు. నువ్వు పాతవాడివి, చెయ్యి వేగం. వాడు తప్పంటే తప్పని ఒప్పుకుని వెళ్ళాడు, నాకూ సులువైంది."

"వాణ్ణి వెనక్కి పిలవండి."

"పిలుస్తాను. వాడి బదులు నువ్వు వెళ్ళిపోతావా?"

కుర్చీలో ఉన్నాయన కళ్ళు ఒకసారి డాక్టరుగారివైపు, ఒకసారి నావైపు తిరిగాయి. దూది లేకపోయినా నేను మాట్లాడలేదు.

"వెళ్ళి ఆ కింది వరస చూడు," అన్నారు డాక్టరుగారు.

వెళ్ళి చూశాను. అంతకన్నా రోత ఇంకేముంటుంది?

ఆ రోజు పని దిగగానే వాడి ఖాళీ గదిలో కూర్చుని ఫోన్లో రికార్డు బటన్ నొక్కాను. "నమస్కారం, నేను జనానికి పన్ను కట్టేవాణ్ణి..." తుడిచేశాను. రెండోసారి, తప్పు ఒప్పుకోవడమంటే పన్ను పీకించుకోవడం లాంటిదని మొదలుపెట్టాను. తుడిచేశాను. మూడోసారి నాలుక కరుచుకోవడం గురించి, నాలుగోసారి నోరు జారడం గురించి. నా నోటికి జోకు లేకుండా నడవడం రాదు, కర్ర లేని కుంటివాడిలా ప్రతి వాక్యం చివరా దేన్నో ఒకదాన్ని పట్టుకుంటుంది. నా గొంతు నేను వినడం అదే మొదటిసారి. ఎదుటివాడు నవ్వేదాకా వదలని గొంతు, గుమ్మంలో అడ్డంగా నిలబడ్డవాడిలా. ముప్ఫై రెండేళ్ళవాడు నాలుగేళ్ళపాటు దీని పక్కన కూర్చున్నాడు. హెడ్‌ఫోన్లు కొనుక్కోడూ.

తొమ్మిదోసారి ఇంతే చెప్పాను. "టీచరమ్మగారి సెట్టు అరగదీసింది నేను. నా చెవులకి హెడ్‌ఫోన్లు ఉన్నాయి. వద్దని మా బామ్మర్ది ముందే చెప్పాడు. డాక్టరుగారు అడిగినప్పుడు నేను చెప్పలేదు. వాడు వెళ్ళిపోతుంటే చూస్తూ టీ తాగాను." ఇరవై సెకన్లు కూడా లేదు. మళ్ళీ వినకుండా పంపేశాను.

రెండురోజులు జవాబు లేదు. మూడోరోజు మధ్యాహ్నం మా ఆవిడ ఫోను మోగింది. ఆమె మాట్లాడి, స్పీకరు నొక్కి నా ముందు పెట్టింది.

"బావా, నువ్వు పంపింది విన్నా," అన్నాడు.

నేను ఆగాను.

"వెనకాల ఫ్యాను మోత ఉంది. సగం మాటలు తెలియట్లేదు."

"ఏ సగం?"

"నువ్వు చేసిన సగం."

"మిక్సులు చేసేవాడివి కదరా. ఆ మోత తీసేసి శుభ్రం చెయ్యలేవా?"

"చెయ్యగలను," అన్నాడు. "కానీ చెయ్యను. వినేవాళ్ళకి తెలియాలంటే మళ్ళీ చెప్పాలి బావా. టీచరమ్మగారికి కూడా లింకు పంపుతానని చెప్పా. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, మెల్లగా చెప్పు. తొందరేం లేదు."

ఫోను పెట్టేశాడు.

మా ఆవిడ లేచి ఫ్యాను ఆపింది. రెండు కిటికీలూ వేసి గడియలు పెట్టింది. కర్టెన్ కింద సందులోంచి వీధి చప్పుడు వస్తోందని అక్కడ దుప్పటి కుక్కింది. కుర్చీ లాక్కుని నా ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"చెప్పండి," అంది.

బటన్ నొక్కాను. "టీచరమ్మగారి సెట్టు అరగదీసింది," అనేసరికే నుదుటిమీంచి చెమట కళ్ళల్లోకి దిగింది. చెయ్యి ఎత్తితే చొక్కా చప్పుడు కూడా అందులో పడుతుంది. తుడుచుకోకుండా, తరవాతి మాట చెప్పాను.